ఐదో చుక్క

మా సూర్యలంక ఇసుకలో దక్షిణానికి తిరిగి కూచుంటే, మే నెలలో రాత్రి తొమ్మిదయ్యేసరికి సముద్రం మీద నాలుగు చుక్కలు నిలబడతాయి. పైన ఒకటి, కింద ఒకటి, అటూ ఇటూ చెరొకటి. గాలిపటం ఆకారం. మా నాన్న వాటిని త్రిశంకుడని చూపించేవారు. బొందితో స్వర్గానికి పోవాలనుకున్న రాజు, ఇంద్రుడు కిందికి తోసేస్తే విశ్వామిత్రుడు నడిమధ్యలో ఆపేసిన రాజు. ఆ కథ వింటూ నాలుగు చుక్కల్నీ వేలితో కలిపేదాన్ని. కథ అయిపోయాక నాన్న ప్రతిసారీ ఒక మాట చేర్చేవారు. "ఐదోది కూడా ఉందమ్మా. పుస్తకంలో బొమ్మ వేశారు. నాకే ఎప్పుడూ దొరకలేదు."

దొరక్కపోవడం ఆయన కళ్ళ లోపం కాదు. సూర్యలంక భూమధ్యరేఖకు దాదాపు 16 డిగ్రీలు ఉత్తరాన ఉంది. ఆ ఐదో చుక్క ఎంత పైకొచ్చినా మనకు సముద్రపు అంచు నుంచి 14 డిగ్రీలు దాటదు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే, దాదాపు పిడికిలిన్నర ఎత్తు. అంత కిందనున్న చుక్క వెలుగు మన దాకా రావాలంటే, నడినెత్తిన ఉన్న చుక్క వెలుగు దాటే గాలికి నాలుగింతల గాలి దాటాలి. వేసవి రాత్రి సముద్రం మీది గాలినిండా తేమ, ఉప్పు, దుమ్ము. పెద్ద చుక్కలు నాలుగూ ఎలాగో గట్టెక్కుతాయి. చిన్నది ఆ గాలిలోనే ఇంకిపోతుంది.

నాన్న పోయిన రెండేళ్ళకు, 2023 మేలో, ఆ ఐదో చుక్కను చూడటానికి బయల్దేరాను. మా చెల్లెలి కొడుకు ఆస్ట్రేలియా ఉత్తరపు కొనలో, డార్విన్‌లో నర్సుగా పనిచేస్తున్నాడు. ఎన్నాళ్ళుగానో రమ్మంటున్నాడు. "అమావాస్య ఎప్పుడో చూసి చెప్తా, ఆ వారం సెలవు పెట్టు" అన్నాను. వాడు నవ్వలేదు, సెలవు పెట్టాడు. వైశాఖ అమావాస్య మే 19. చెన్నై నుంచి సింగపూర్, అక్కణ్ణుంచి నాలుగున్నర గంటల్లో డార్విన్.

శాస్త్రవేత్తల లెక్కలో ఆ చుక్క పేరు ఎప్సిలాన్ క్రూసిస్. త్రిశంకుణ్ణి వాళ్ళు క్రక్స్ అంటారు, శిలువ అని. దాంట్లో ఇది ఐదోది కనక గ్రీకు అక్షరమాలలో ఐదో అక్షరం తగిలించారు. బ్రెజిల్‌లో దీన్ని ఇంత్రొమెటీడా అంటారు. తలదూర్చేది, పిలవని పేరంటానికి వచ్చినది అని. శిలువకు నాలుగు కొసలు చాలు కదా, ఐదోది ఎందుకొచ్చిందని. న్యూజిలాండ్ జెండా మీద నాలుగు చుక్కలే ఉంటాయి, దీన్ని వదిలేశారు. ఆస్ట్రేలియా వాళ్ళు ఉంచారుగానీ, మిగతా నాలుగింటికీ ఏడేసి మొనలు గీసి దీనికి మాత్రం ఐదు గీశారు. డార్విన్‌లో ఒక పోస్టాఫీసు ముందు ఎగురుతున్న జెండాలో కింద కుడివైపున్న ఆ చిన్న చుక్కను వెతికి మావాడికి చూపించాను. "ఆరేళ్ళుగా చూస్తున్నా పెద్దమ్మా, చిన్నదొకటి వేరేగా ఉందని ఎప్పుడూ గమనించలేదు" అన్నాడు.

ఈ చుక్కకు ఇంకో పేరుంది. అదే నన్ను అంత దూరం లాక్కెళ్ళింది. గినాన్. ఆస్ట్రేలియాలోనే కాథరిన్ అనే ఊరికి నైరుతిన ఉండే వార్దమన్ జనం పెట్టుకున్న పేరది. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2017 చివర్లో ప్రపంచంలోని రకరకాల జాతుల నుంచి 86 నక్షత్రాల పేర్లు తీసుకుని అధికారికంగా ఖాయం చేసినప్పుడు అందులో ఇదీ చేరింది. వార్దమన్ పెద్ద బిల్ యిడుమ్‌డుమా హార్నీ తనకు తెలిసిన ఆకాశాన్ని హ్యూ కెయిర్న్స్‌తో కలిసి 'డార్క్ స్పార్క్లర్స్' అనే పుస్తకంగా 2003లో నిలబెట్టారు. అలాంటివాళ్ళు పూనుకోకపోతే ఈ పేర్లు ఏ జాబితాలోకీ వచ్చేవి కావు.

గినాన్ అంటే ఎర్రని జోలె. దాన్నిండా జ్ఞానపు పాటలు. ములుగుర్న్‌డెన్ అనే ఏటి రొయ్యకు ఆ జోలె దొరికిందట. పాతాళంలోని ఎర్ర గబ్బిలాల్ని ఆకాశానికి తెచ్చింది కూడా ఆ రొయ్యే. గబ్బిలాలు పాలపుంత దారి పట్టుకుని, వృశ్చికం మీదుగా త్రిశంకుడి వైపు, దారి పొడుగునా పాటలు ఇచ్చిపుచ్చుకుంటూ ఎగురుతాయి. ఆ పాట గుయారు అనే గుడ్లగూబకు, అంటే మన లుబ్ధకానికి, సిరియస్‌కి చేరుతుంది. బయటివాళ్ళకు చెప్పిన కథ ఇంతవరకే. లోపల ఇంకా ఉంది. అది వాళ్ళ క్రతువులకు సంబంధించింది, అందరి చెవినా వేసేది కాదు. నేను అడగదలుచుకోలేదు, అడగలేదు.

ఈ కథ చదివిన రోజునే జాషువాగారి 'గబ్బిలం' గుర్తొచ్చింది. గుడి గడప దాటనివ్వని మనిషి తన గోడు శివుడికి విన్నవించమని పంపింది హంసను కాదు, మేఘాన్ని కాదు, గబ్బిలాన్ని. నలభై వేల పైచిలుకు ఏళ్ళుగా మనుషులున్న ఆ ఖండంలోనూ పాటను మోసే పని గబ్బిలానిదే అయింది. ఈ రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా బడిలో పాతికేళ్ళు ఆ పద్యాలు చెప్పినదాన్ని, నాకు ఒళ్ళు జలదరించింది.

డార్విన్ నుంచి కాథరిన్ స్టువర్ట్ హైవే మీద 320 కిలోమీటర్లు. దారంతా పొట్టి యూకలిప్టస్ చెట్లు, వాటి మధ్య మనిషి ఎత్తు చెదపుట్టలు. మూడేసి ట్రెయిలర్లు తగిలించుకుని యాభై మీటర్లు దాటే లారీలు ఎదురైనప్పుడల్లా కారు ఊగిపోయేది. రోడ్డు పక్క అక్కడక్కడ గడ్డి తగలబడుతోంది. భయపడ్డాను. మావాడు చెప్పాడు, వానలు వెనకబట్టిన తొలిరోజుల్లో గడ్డిలో ఇంకా పచ్చి ఉండగానే కొంచెం కొంచెంగా కాల్చేస్తారని, లేకపోతే ఎండలు ముదిరాక పెద్ద మంట లేచి అడవి అడవే పోతుందని. అక్కడి మూలజాతుల వాళ్ళు వేల ఏళ్ళుగా చేస్తున్న పని అది.

ఆ పొగే ఆ రాత్రి మా కొంప ముంచింది. కాథరిన్‌లో దిగి, అన్నం తిని, ఊరి చివరకు వెళ్ళి నిలబడ్డాం. గాలి కదలడం లేదు. పొగ పలచగా పరుచుకుని ఊరి దీపాల వెలుగును పీల్చుకుని ఆకాశమంతా పాలిపోయిన నారింజ రంగు. నాలుగు చుక్కలు కనపడ్డాయి. సరిగ్గా నాలుగే. సూర్యలంకలో చూసినట్టే. ఇంత దూరం వచ్చి అదే చూశానా అని కడుపులో దిగులు పట్టుకుంది. మావాడు నా భుజం మీద చెయ్యి వేసి, "రేపు ఇంకా లోపలికి పోదాం పెద్దమ్మా" అన్నాడు.

అంతకుముందు సాయంత్రం మాత్రం ఊరికే పోలేదు. కాథరిన్ నది ఒడ్డున చెట్ల నిండా గబ్బిలాలు, పళ్ళగుత్తుల్లా ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతూ. తుప్పు రంగు బొచ్చు. పొద్దు వాలగానే ఒకటి, పది, తర్వాత లెక్క అందనన్ని లేచాయి. నెత్తి మీద నుంచి వెళ్తుంటే ఆ రెక్కల తోల్లోంచి సాయంత్రపు వెలుతురు కనపడింది, ఉల్లిపొర లోంచి కనపడినట్టు. వాసన ఘాటుగా ఉంది, మావాడు ముక్కు మూసుకున్నాడు. నేను మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఎర్ర గబ్బిలాలంటే ఇవే.

మర్నాడు పొద్దున కాథరిన్‌లో చేతిపనులు అమ్మే చోట చెట్టు కింద ఒక పెద్దావిడ జోలె అల్లుతోంది. ఆ ఆకు చూసి ఆగిపోయాను. అది మొగలి ఆకు. మన మొగలి కాదు, దాని దాయాది, పువ్వుకు మన పువ్వంత పేరు లేదు. కానీ అంచుల్లో అవే ముళ్ళు, అదే పొడుగు. పక్కన కూచోవచ్చా అని అడిగాను, చాప జరిపింది.

ఆకు అంచుల్లోని ముళ్ళను బొటనవేలి గోటితో ఒక్క లాగుడులో చీల్చేస్తుంది. మిగిలిన ఆకును మొదట్లో కొంచెం మడిచి, రెండు పొరలుగా ఊడదీస్తుంది, అరటిదూట పొర తీసినట్టు. ఆ పొరల్ని సన్నటి పీచులుగా చీల్చి, ఎండేసి, రంగు నీళ్ళలో ఉడకబెడుతుంది. రంగు ఎక్కడిదని అడిగితే డబ్బాలోంచి ఒక గడ్డ తీసి నా చేతిలో పెట్టింది. చిన్న ఉల్లిపాయంత. గోటితో గీరితే లోపల రక్తం చుక్కలా ఎరుపు. దాన్ని రాతి మీద దంచి నీళ్ళలో వేస్తే పీచుకు ఎరుపూ గోధుమా కలిసిన రంగు పడుతుంది. అల్లిక అడుగు నుంచి మొదలై గుండ్రంగా పైకి వస్తుంది, రెండు పోగులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటూ నిలువు పీచుల్ని బిగిస్తాయి. బిగువుగా అల్లితే తేనె కూడా కారదట. "మీ ఊళ్ళో దేంతో అల్లుతారు?" అని అడిగింది. తాటాకుతో అన్నాను. బుట్టలు, చాపలు, విసనకర్రలు అని చేతులతో చూపించాను. మొగలి ఉండి కూడా దాంతో అల్లరా అని ఆశ్చర్యపోయింది. మా వైపు పువ్వు జడలో పెట్టుకోవడమే తప్ప ఆకుతో జోలె అల్లినవాళ్ళను నేను చూడలేదు.

ఆవిడ వార్దమన్ మనిషి కాదు, వేరే జాతి. చుక్క సంగతి ఎత్తలేదు. పిడికిలి పట్టేంత చిన్న జోలె ఒకటి, నడుము దగ్గర మూడు ఎర్ర చారలున్నది, కొనుక్కున్నాను.

మధ్యాహ్నం విక్టోరియా హైవే పట్టుకుని నైరుతిగా వెళ్ళాం. అదంతా వార్దమన్ నేల. ఎక్కడపడితే అక్కడ దిగి అడ్డంగా నడిచిపోవడానికి లేదు, అనుమతి కావాలి. కాథరిన్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఫ్లోరా నది ఒడ్డున గివినింగ్ పార్కు ఉంది. వార్దమన్ వాళ్ళదే ఆ భూమి, ప్రభుత్వంతో కలిసి నడుపుతారు, బయటివాళ్ళు గుడారం వేసుకోవచ్చు. చివర ముప్పై కిలోమీటర్లకు పైగా కంకర రోడ్డు. నీళ్ళు నీలిపచ్చగా ఉన్నాయి. ఊటనీటిలో కరిగి వచ్చిన సున్నం పేరుకుని నది తనకు తానే చిన్న చిన్న ఆనకట్టలు కట్టుకుంది. కాళ్ళు కడుక్కుందామనిపించింది. మొసళ్ళుంటాయని బోర్డు ఉంది, దిగలేదు.

ఆరున్నరకు పొద్దు కుంకింది. పడమట శుక్రుడు. గబ్బిలాలు ఇక్కడా లేచాయి, నిన్నటంత కాదు, పదులు. నది మీదుగా దక్షిణానికి వెళ్ళాయి. చలి మొదలైంది. మావాడు కారు దీపాలు ఆర్పేసి, సెల్‌ఫోన్ జేబులో పెట్టించాడు. అరగంట దాకా దేని వైపూ చూడవద్దన్నాను. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి అంత టైము పడుతుంది.

తొమ్మిది దాటాక లేచి దక్షిణానికి తిరిగాను.

తల ఎత్తాల్సి వచ్చింది. సూర్యలంకలో ఎప్పుడూ సముద్రం అంచున చూసిన త్రిశంకుణ్ణి ఇక్కడ ఆకాశంలో సగం ఎత్తున, 45 డిగ్రీల దగ్గర చూస్తున్నాను. పైన ఎర్రనిది, గాక్రక్స్. కింద, ఎడమ, కుడి తెల్లనివి, నీలం కలిసిన తెలుపు. కుడివైపు దానికీ అడుగుదానికీ మధ్య, కొంచెం లోపలగా, చిన్నగా, కదలకుండా, ఐదోది.

వెతకలేదు. ఊరికే ఉంది. అరవై మూడేళ్ళొచ్చిన మనిషిని, "నాన్నా, ఇదుగో" అని పైకే అన్నాను.

మామూలు కంటికి దాని రంగు తెలియదు. అంత మసక వెలుగులో మన కన్ను రంగులు పట్టుకోలేదు. బైనాక్యులర్స్ పెట్టుకుంటే తేలింది. దానికొక కిటుకు ఉంది, ఫోకస్ కొంచెం చెడగొట్టాలి. చుక్క మొనలాగా ఉన్నప్పుడు కంటికి తెల్లగానే తోస్తుంది. కొంచెం చెదిరి బిళ్ళలా అయ్యేసరికి రంగు బయటపడుతుంది. మర తిప్పాను. చుట్టూ వెండి బిళ్ళలు, మధ్యలో ఒకటి పండిన బత్తాయి తొక్క రంగు. కుంపట్లో బూడిద కింద కణకణలాడే నిప్పు రంగు. ఎర్రని జోలె అన్నవాళ్ళ దగ్గర ఏ దుర్భిణీ లేదు. ఎన్ని తరాలు ఎంత చీకట్లో ఎంతసేపు చూసి ఉంటే ఆ రంగు వాళ్ళకు తెలిసి ఉంటుందో అని చాలాసేపు అదే ఆలోచన.

"ఎందుకు పెద్దమ్మా అదొక్కటే ఆ రంగు?" అన్నాడు మావాడు. చెప్పాను. అది మన సూర్యుడికి ఒకటిన్నర రెట్లున్న నక్షత్రం. వయసు మళ్ళింది. పొయ్యి మధ్యలో కట్టెలు బూడిదైపోతే మంట అంచులకు పాకుతుంది చూడు, అలాగే దాని నడిబొడ్డున హైడ్రోజన్ అయిపోయి హీలియం బూడిద మిగిలింది. ఆ బూడిద తన బరువుకు తానే కుంచించుకుపోతూ ఇంకా వేడెక్కుతుంది. దాని చుట్టూ గుల్లలాగా హైడ్రోజన్ మునుపటి కంటే ఉధృతంగా మండుతుంది. ఆ వేడికి పై పొరలు ఉబ్బుతాయి. మన సూర్యుడి వెడల్పుకు ముప్పై రెట్లకు పైగా ఉబ్బింది గినాన్. సూర్యుడి చోట దాన్ని పెడితే బుధుడి దాకా ఉన్న దూరంలో మూడో వంతుకు పైగా అదే నిండిపోతుంది. అంత పరుచుకున్నాక పైభాగం చల్లబడుతుంది. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్ దరిదాపు, దీనిది 4,200. చల్లబడితే తెలుపు పోయి నారింజ వస్తుంది. వెలుగు మాత్రం సూర్యుడికి మూడొందల రెట్లు. మన సూర్యుడూ ఇంకో 500 కోట్ల ఏళ్ళకు ఈ దారే పడతాడు.

"మరి అంత వెలుగుంటే ఇంత చిన్నగా ఉందేం?"

దూరం. 230 కాంతి సంవత్సరాలు. ఆ రాత్రి మా కళ్ళలో పడ్డ వెలుగు అక్కణ్ణుంచి బయల్దేరినప్పుడు సిడ్నీలో తెల్లవాళ్ళ మొదటి ఓడలు దిగి కొద్ది ఏళ్ళే. మన వైపు పద్మనాభ యుద్ధం జరిగిన రోజులు. ఈ నది ఒడ్డున అప్పటికింకా బయటి మనిషి అడుగు పడలేదు. పాటలు మాత్రం ఉన్నాయి.

తూర్పుకు తిరిగాను. వృశ్చికం లేచి ఉంది. మధ్యలో జ్యేష్ఠ, ఎర్రగా. కింద తోక వంపు మొదలయ్యే చోట ఒక నారింజ చుక్క. దాన్ని చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, తేలు ఒంట్లో ఒక కణుపు అనుకుంటూ. వార్దమన్ వాళ్ళు దాన్ని లారావాగ్ అంటారు. క్రతువులో రహస్యమైన ఘట్టం వచ్చేముందు, ఉండదగినవాళ్ళే ఉన్నారా అని చూసి, సరే కానివ్వండి అని సైగ చేసే కాపలాదారు. అదీ గినాన్ లాగే నడిబొడ్డు ఇంధనం అయిపోయి ఉబ్బిన నక్షత్రమే, దాదాపు 64 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నా వయసంత వెలుగు.

అప్పుడు తెలిసింది ఆ కథ ఎంత కొలత ప్రకారం చెప్పారో. తూర్పున వృశ్చికం. అక్కణ్ణుంచి పాలపుంత వెడల్పుగా, పిండి ఒలికినట్టు, త్రిశంకుడి దాకా. త్రిశంకుడి నుంచి అదే పాలపుంత పడమటికి దిగి లుబ్ధకం పక్కగా పోతుంది. గుయారు గుడ్లగూబ పడమట చెట్ల కొమ్మల్లో, మరి కాసేపట్లో అస్తమించేలా ఉంది. దారి మొదలు, మజిలీ, చివర మూడూ ఒకేసారి కనపడే వేళ అది. తల ఒకసారి ఎడమ నుంచి కుడికి తిప్పితే కథ మొత్తం అయిపోతుంది. మావాడు రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత ఏమీ మాట్లాడలేదు.

త్రిశంకుడి ఎడమ పక్కన, కిందగా, పాలపుంతలో ఒక నల్లటి మడుగు ఉంది. వెనకున్న చుక్కల్ని కప్పేసే ధూళి మేఘం. ఆస్ట్రేలియాలో చాలా జాతులు దాన్ని ఈము పక్షి తలగా చూస్తాయి. ఓడల్లో వచ్చినవాళ్ళు దానికి బొగ్గుసంచి అని పేరు పెట్టారు. బొగ్గుల సంచి ఆ పక్కన, పాటల జోలె ఈ పక్కన. ఓడవాళ్ళు దిక్కు తెలుసుకోవడానికి నాలుగు చుక్కలు చూసుకున్నారు, వాళ్ళకు కావలసింది అదే. అడుగు తీసి అడుగు వెయ్యడానికి దారి, వేళ, ఎవరికి ఎప్పుడు ఏం నేర్పాలో అన్నీ ఆకాశం నుంచే చదువుకున్నవాళ్ళు అంత పెద్ద బాధ్యతను అన్నిట్లోకీ చిన్న చుక్క చేతిలో పెట్టారు. మెరిసేదాని మీద పెట్టలేదు. ఎందుకో నాకు తెలియదు. ఆ రాత్రి మాత్రం అది సరైన పనే అనిపించింది.

పది దాటాక లుబ్ధకం కొమ్మల్లో కలిసిపోయింది. మావాడు బైనాక్యులర్స్ తీసుకుని ఇక ఇవ్వలేదు. నేను కారు బానెట్‌కు ఆనుకుని, కోటు జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డాను. జేబులో పొద్దున కొన్న జోలె తగిలింది. చీకట్లో వేళ్ళతో తడిమితే ఎర్ర పోగు, మామూలు పోగు తేడా తెలియలేదు. అల్లిక బిగువు మాత్రం తెలిసింది.

ఇప్పుడది మా ఇంట్లో, నాన్న ఫొటో పక్కన మేకుకు వేలాడుతోంది. వచ్చినవాళ్ళు అందులో ఏముందని అడుగుతారు. ఇంతవరకూ దాంట్లో ఏమీ వెయ్యలేదు.